పిండి సేదదీరేంత పోట్లాట

వాళ్ళిద్దరినీ వీధి వీధంతా అక్కచెల్లెళ్ళనే అనుకునేది. నిజానికి తోడికోడళ్ళు. బేకరీ అన్నదమ్ములిద్దరిదీ. అన్న వెనక పొయ్యి దగ్గర బ్రెడ్డు కాలుస్తాడు, తమ్ముడు ముందు కౌంటర్లో కూర్చుని బ్రెడ్డుతో పాటు కబుర్లూ అమ్ముతాడు. పఫ్‌ల పని మాత్రం మొదటినుంచీ కోడళ్ళిద్దరిదే. వచ్చేపోయేవాళ్ళు పెద్దావిడను పెద్దక్క అనీ, చిన్నావిడను చిన్నక్క అనీ పిలిచి పిలిచి చివరికి ఇంట్లోవాళ్ళకు కూడా అవే పేర్లు ఖాయమయ్యాయి. చిన్నక్క మొగుడికి ఆ వీధి పెట్టిన పేరు రేడియో. ఆ పేరుకు కారణం ఎవరూ ఎవర్నీ అడగాల్సిన పని ఉండేది కాదు.

ఆ బేకరీకి పేరు తెచ్చింది బ్రెడ్డూ కాదు, బిస్కట్లూ కాదు. రెండు వేళ్ళతో పట్టుకుని రెండు కొరుకుల్లో తినేసే చిన్న చిన్న పఫ్‌లు. పైన వెన్నపొరలు, లోపల పండూ చీజూ. బేరిపండు ముక్కలు, పొడిపొడిగా రాలే ఉప్పటి చీజ్, దంచిన మిరియాలు కలిపింది ఒక రకం. ఎండు అంజీరలో మెత్తటి చీజ్ కూరి, పక్కన ఎర్రగా వేగిన ఉల్లిపాయ పెట్టింది ఇంకో రకం. తీపో, ఉప్పో, కారమో తేల్చుకునేలోపల అది నోట్లో ఉండదు. ఎవరింట్లో నలుగురు కలిసినా భోజనానికి ముందు పళ్ళెంలో అవి తిరగాల్సిందే. అవి తిన్న నోటికి అసలు భోజనం చప్పగా ఉందని, పిలిచినవాళ్ళే విసుక్కున్న సందర్భాలూ ఉన్నాయి.

పొరల పిండి పెద్దక్క చేసేది. లోపలి పూర్ణం చిన్నక్కది. ఆ పంపకం వెనక ఒక కథ ఉంది.

పెద్దక్క చేతులు నడివేసవిలోనూ చల్లగా ఉండేవి. బ్రెడ్డు పొట్లం అందిస్తూ వేళ్ళు తగిలితే కొనేవాళ్ళు ఉలిక్కిపడేవాళ్ళు. చిన్నక్క చేతులు దానికి పూర్తిగా ఎదురు. కాపురానికొచ్చిన కొత్తలో సాయం చేద్దామని వెళ్ళి వెన్నముద్ద పట్టుకుంది. పెద్దక్క చూసి కెవ్వున అరిచినంత పని చేసింది.

"ఒసేయ్, ఆ చేతులు అవతల పెట్టవే తల్లీ! నువ్వు ముట్టుకుంటే వెన్న నెయ్యవుతుంది. కాసేపు పట్టుకుంటే ఆవిరైపోతుంది."

ఆ రోజే ఇద్దరూ పనిచేసే వెనకగదికి సరిహద్దు గీసేశారు. కిటికీ కింద చల్లటి పాలరాతి బల్ల పెద్దక్కది. ఎదురుగోడకున్న స్టవ్వూ, పళ్ళబుట్టలూ, చీజ్ డబ్బాలూ చిన్నక్కవి. మధ్యలో ఫ్రిజ్ ఉమ్మడి ఆస్తి.

ఉల్లిపాయ తిప్పుతూ తిప్పుతూ ఆ బల్ల వైపు చూడటం చిన్నక్కకు ఎంత ఇష్టమో ఎవరికీ చెప్పలేదు. పెద్దక్క చల్లటి వెన్నను పలకలా తట్టి, పిండి మధ్యలో పెట్టి, నాలుగు వైపుల నుంచీ మూసేది. ఆ తర్వాత అప్పడాల కర్ర. మధ్యలోంచి అవతలికి, మధ్యలోంచి ఇవతలికి. ఆ చేతులు తొందరపడేవి కావు, అలాగని ఆగేవీ కావు. పిండి పలక అంచులు అద్దానికి ఫ్రేము కట్టినట్టు సూటిగా వచ్చేవి. మూడు మడతలు పెట్టి, పైనున్న పొడిపిండిని కుంచెతో దులిపి, తడిగుడ్డ చుట్టి ఫ్రిజ్‌లో పెట్టేది. మళ్ళీ తీసి మళ్ళీ ఒత్తేది. ముక్కలు కోసేటప్పుడు కత్తిని లాగేది కాదు, నిలువుగా దించేది. లాగితే పొరలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయట. పైన గుడ్డుసొన పూసేటప్పుడు పక్కలకు ఒక్క చుక్క జారనిచ్చేది కాదు. జారితే ఆ వైపు పొర లేవదు. ఇవన్నీ నోటితో చెప్పేది కాదు పెద్దక్క. చేసేది. చూసేవాళ్ళకు చూసినంత.

పని అంటే అదీ, తను చేసేది ఉత్త కలబెట్టడం అని చిన్నక్క గట్టి నమ్మకం. పెద్దక్క కూడా ఆ నమ్మకాన్ని చెరిపే ప్రయత్నం ఎన్నడూ చేయలేదు. చెరపకపోగా, రోజూ నాలుగు మాటలతో దానికి నీళ్ళు పోసేది.

ఆ పెద్దక్క పోయింది. కొన్ని వారాలు ఆసుపత్రిలో ఉండి, ఒక తెల్లవారుజామున ఎవర్నీ లేపకుండా వెళ్ళిపోయింది. పాలరాతి బల్ల మీద తెల్లగుడ్డ కప్పారు. ముందు అద్దాల బీరువాలో పఫ్‌ల అర ఖాళీగా ఉండిపోయింది. అందులో ఇంకేదైనా సర్దుదామని రేడియో ఒకసారి అన్నాడు. ఎవరూ పలక్కపోయేసరికి మళ్ళీ అనలేదు. పెద్దాయన, అంటే పెద్దక్క భర్త, మామూలుగానే పొద్దున్నే వచ్చి బ్రెడ్డు కాలుస్తున్నాడు. ముందే తక్కువ మాటల మనిషి. ఇప్పుడు ఆ తక్కువలోంచి కూడా తగ్గించుకున్నాడు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం నర్సమ్మ వచ్చింది. ఆసుపత్రిలో పెద్దక్కను చూసుకున్న మనిషి. నల్లగా, సన్నగా, నవ్వితే కళ్ళు కూడా నవ్వుతాయి.

"ఒక బ్రెడ్డు ఇవ్వండి. వేరే ఊరికి బదిలీ అయింది. ఎల్లుండి మధ్యాహ్నం రైలు. వెళ్ళేలోపల ఒకసారి మీ అందరికీ కనబడి పోదామని వచ్చాను" అంది.

మాట్లాడుతూనే ఆమె చూపు ఖాళీ అర మీదికి వెళ్ళింది. వెళ్ళి, వెంటనే వెనక్కి వచ్చేసింది.

వెనకగది గుమ్మంలో నిలబడ్డ చిన్నక్కకు ఆ చూపు ఎందుకో తెలుసు. ఆసుపత్రి మంచం మీద పెద్దక్క ఈ నర్సమ్మ చెయ్యి పట్టుకుని అన్న మాట తన చెవులతో విన్నది. "లేచి నడిచిన మొదటిరోజు నీకో ట్రే నిండా పఫ్‌లు తెస్తాను సిస్టర్. మాటంటే మాటే." పెద్దక్క జీవితంలో మాటిచ్చి తప్పింది లేదు. ఆ ఒక్కటే మిగిలిపోయింది.

రేడియోకు కూడా ఆ సంగతి తెలుసు. తెలిసింది కడుపులో ఉంచుకునే అలవాటు లేనివాడు.

"ఎల్లుండి రైలెక్కేముందు ఇటు రండి సిస్టర్. మా వదిన మీకు బాకీ ఉన్న ట్రే సిద్ధంగా ఉంటుంది."

"అయ్యో, వద్దండీ. నేను దానికోసం రాలేదు."

"మీరు రావాలి అంతే! ఇంకోమాట లేదు."

నర్సమ్మ ముఖం ఒక్కసారి వెలిగింది. ఆ వెలుగు చూశాక చిన్నక్క నోట్లోని 'కాదు' నోట్లోనే ఉండిపోయింది.

ఆమె వీధి మలుపు తిరిగేదాకా ఆగి, మొగుడి మీద విరుచుకుపడింది.

"ఎవరు చేస్తారనుకుని చెప్పారండీ? మీరు చేస్తారా?"

"నువ్వు."

"నేనా! నా చేతులు పెనం మీద పెడితే పెనం కాలుతుంది. ఇన్నేళ్ళు ఆ బల్లకు ఆమడ దూరంలో నిలబెట్టింది అక్క."

"నిలబడి చూశావు కదా, ఇన్నేళ్ళూ?"

"చూస్తే వచ్చేస్తుందా? మీరూ ఇన్నేళ్ళూ నోరు మూసుకున్నవాళ్ళను చూస్తున్నారు. వచ్చిందా?"

రేడియో ఆ దెబ్బకు ముందుగదిలోకి జారుకున్నాడు.

చిన్నక్క గుడ్డ తీసి మడతపెట్టింది. పాలరాయి ఆమె అరచేతికి చల్లగా తగిలింది. పెద్దక్క చెయ్యే తగిలినట్టనిపించి, కాసేపు అలాగే ఉంచేసింది. అక్క మాట నిలబెట్టడానికి ఇంకో మనిషి లేదు. ఎల్లుండి దాటితే నిలబెట్టడానికి మాట కూడా ఉండదు.

పెద్ద గిన్నెనిండా ఐసునీళ్ళు పోసి పక్కన పెట్టుకుంది. వేళ్ళు తిమ్మిరెక్కేదాకా ముంచడం, తుడుచుకోవడం, వెన్న పట్టుకోవడం. పిండి కలిపింది. వెన్నపలక మధ్యలో పెట్టి మూసింది. ఒత్తింది. మడిచింది. తడిగుడ్డ చుట్టి ఫ్రిజ్‌లో పెట్టింది. అక్క చేసినవన్నీ ఒక్కటి వదలకుండా చేసింది. కానీ పిండి మాట వినలేదు. అటు ఒత్తితే ఇటు ముడుచుకుంది. మొండిపిల్ల చెయ్యి విదిలించుకున్నట్టు వెనక్కి లాక్కుంది. బలంగా ఒత్తితే ఒకచోట చిరిగి, వెన్న బయటికి తొంగిచూసింది. పొయ్యిలో పెడితే కారిన వెన్నలో పఫ్‌లు వేగిపోయాయి. ఎక్కడివక్కడే చతికిలబడ్డాయి.

రేడియో ఒకటి తిని, బాగా ఆలోచించి, "బాగానే ఉంది" అన్నాడు. "బిస్కట్ అనుకుని తింటే."

మర్నాడు పొద్దున మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి ఐసు ఇంకా ఎక్కువ. కర్రను కూడా ఫ్రిజ్‌లో పెట్టి తీసింది. వేళ్ళు ఎర్రబడి మొద్దుబారాయి. పిండి మళ్ళీ వెనక్కే లాక్కుంది, మళ్ళీ చిరిగింది. "ఈ చేతులు, ఈ పాడు చేతులు" అనుకుంటూ చిన్నక్క స్టూలు మీద కూలబడింది. కిటికీలోంచి వచ్చే వెలుగు ఆ చిరుగు మీదే పడి, మెరుస్తున్న వెన్నను మరీ చూపిస్తోంది.

బ్రెడ్డు పని ముగించుకుని చేతులు తుడుచుకుంటూ పెద్దాయన గుమ్మంలో ఆగాడు. పెద్దక్క పోయాక ఆ గదిలోకి ఆయన రావడం అదే మొదలు. బల్ల దగ్గరికి వచ్చి వేలితో పిండిని నొక్కాడు. వేలు తియ్యగానే గుంట ఎగిరి పూడిపోయింది.

"అలిసిపోయింది ఇది" అన్నాడు.

"ఏంటి బావగారూ?"

"పిండమ్మా. ఒత్తిన పిండికి విశ్రాంతి కావాలి. లేకపోతే ఇలాగే బిగుసుకుంటుంది. బ్రెడ్డుకైనా అంతే. ఫ్రిజ్‌లో ఎంతసేపు ఉంచావు?"

"అక్క ఉంచినంతసేపే ఉంచానండీ."

"అది ఎంతసేపు ఉంచేది?"

చిన్నక్క గోడలవైపు చూసింది. ఆ గదిలో గడియారం లేదు. పెద్దక్క ఎప్పుడూ గడియారం అడిగినట్టు కూడా గుర్తులేదు. నిన్నా ఇవాళా తను ఫ్రిజ్ ముందు ఒంటరిగా నిలబడి, ఇంక చాలాసేపైందనుకుని తలుపు తీసింది. మాట్లాడే మనిషి లేనిచోట కాసేపైనా చాలాసేపే.

"మీకు తెలుసా బావగారూ?"

"నాకేం తెలుసు" అన్నాడాయన. "అది పిండి లోపల పెట్టేది. వచ్చి నీతో పోట్లాట పెట్టుకునేది. పోట్లాట అయిపోయాక మళ్ళీ కర్ర చప్పుడు వినబడేది. నాకూ అదే గుర్తు. మీ అరుపులు ఆగాయంటే పొయ్యిలో బ్రెడ్డు తిప్పాలన్నమాట."

చిన్నక్క తల తిప్పి ఫ్రిజ్ వైపు చూసింది.

అవును. తడిగుడ్డ చుట్టి ఫ్రిజ్ తలుపు మూయగానే పెద్దక్క చేతులు దులుపుకుంటూ స్టవ్వు దగ్గరికి వచ్చేది. వచ్చి, ఏదో ఒకదానికి వంక పెట్టేది. ముక్కలు పెద్దవనో, ఉల్లిపాయ మాడిందనో, మిరియాలు దంచావా లేక కోపం దంచావా అనో. చిన్నక్క ఊరుకునేది కాదు. మాటకు మాట, దెప్పుకు దెప్పు. చివరికి ఇద్దరిలో ఎవరో ఒకరికి నవ్వొచ్చేది. చిన్నక్క గరిటె చివర ఒక బేరిముక్క అందించేది. పెద్దక్క అది నములుతూ బల్ల దగ్గరికి వెళ్ళేది. అలా ప్రతి ఒత్తుకీ ఒక పోట్లాట.

ఇంకో సంగతి కూడా అప్పుడే చిన్నక్కకు గుర్తొచ్చింది. వేసవిలో పోట్లాటలు పెద్దవి. ఎండకు అక్కకు చిరాకు పుట్టి, పాత సంగతులన్నీ తవ్వుతోందనుకునేది తను. చలికాలంలో రెండు మాటల్లో తేలిపోయేవి. చిరాకూ కాదు, ఏమీ కాదు. ఎండకు వెన్న మెత్తబడుతుంది, గట్టిపడటానికి ఎక్కువసేపు కావాలి. అందుకని అక్క పోట్లాటను సాగదీసేది. చల్లటిరోజు కుదించేది. పిండికి ఎంత కావాలో అంత కొలిచి కోప్పడేది. ఇన్నేళ్ళూ ఎదురుగా నిలబడి జవాబులు చెప్పిన తనకే ఆ కొలత పట్టుబడలేదు.

"అమ్మో అక్కా" అంది చిన్నక్క, గాలిలోకి.

సంగతి విని రేడియో పరుగున వచ్చాడు. "అంతేనా! పోట్లాడే మనిషే కదా కావాలి? నేను లేనూ?"

"మీతోనా? మీరు మొదలుపెడితే పిండికి బూజు పడుతుంది. వెళ్ళండి, కౌంటర్లో ఎవరో పిలుస్తున్నారు."

నిజంగానే ఎవరో పిలిచారు. వెళ్ళక తప్పలేదు.

ఆ మధ్యాహ్నం చిన్నక్క మూడోసారి పిండి కలిపింది. ఐసుగిన్నె ఉంది గానీ ఈసారి దానిమీద అంత ధ్యాస లేదు. మొదటి మడత పెట్టి, గుడ్డ చుట్టి, ఫ్రిజ్ తలుపు మూసింది. మూసి వెనక్కి తిరిగేసరికి పెద్దాయన స్టూలు లాక్కుని స్టవ్వు పక్కన కూర్చుని ఉన్నాడు.

"ఊఁ" అన్నాడు.

"ఏంటి బావగారూ?"

"పోట్లాడు."

"మీతో ఎలా పోట్లాడనండీ? పెద్దవారు."

ఆయన కూడా అయోమయంగా గదంతా చూశాడు. "ఉప్పు ఎక్కువైంది" అన్నాడు చివరికి.

"ఎందులో?"

"ఏదో ఒకదాంట్లో."

చిన్నక్కకు నవ్వొచ్చింది. మొదట్లోనే నవ్వొస్తే ఇంక పోట్లాటేం సాగుతుంది? ఇద్దరూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. జల్లెడలో బేరిముక్కలు నీళ్ళోడుతున్నాయి. ఆ చప్పుడు తప్ప ఇంకేం లేదు. పెద్దాయన చూపు ఆ జల్లెడ మీద ఆగింది. ఆగి, గొంతు సవరించుకుని, పాఠం అప్పజెప్పే పిల్లాడిలా ఏ ఎత్తుపల్లాలూ లేకుండా అన్నాడు:

"ఇవేం ముక్కలే? చెరువులోంచి ఎత్తుకొచ్చినట్టున్నాయి. నీ పళ్ళు ఏడ్చి ఏడ్చి నా పొరల్ని నానబెడతాయి."

గొంతు ఆయనది. మాటలు పెద్దక్కవి. ఒక్క అక్షరం తేడా లేదు.

చిన్నక్క గరిటె ఆగిపోయింది. ఆగినా, నోరు తన అలవాటున తను కదిలింది. "ఏడవనీ. నీ పొరలు ఎండి గొంతుకు అడ్డం పడకుండా ఆ తడే కాపాడుతోంది." అనేశాక, బావగారిని పట్టుకుని 'నీ' అన్నందుకు నాలుక కరుచుకుంది. ఆయన పట్టించుకోలేదు. తర్వాతి మాట వెతుక్కుంటున్నాడు.

"అడుగున చీజ్ తురుము పరిచింది ఎందుకట? ఆ తడి ఆపడానికే కదా? అది చెప్పింది ఎవరు?"

"నేనే! నువ్వు వద్దంటే వద్దన్నావు. పరుపెందుకే పండుకు, అదేమన్నా పడుకుంటుందా అన్నావు. తిన్నాక మాట్లాడితే ఒట్టు."

"మాట్లాడితే నెత్తెక్కుతావని."

"ఎక్కడానికి నెత్తి ఖాళీగా ఉంటేగా? నిండా పొడిపిండే."

పొయ్యి దగ్గర నిలబడి, ఏమీ విననట్టు బ్రెడ్డు కాలుస్తూ, ఆ మనిషి ఇన్నేళ్ళ పోట్లాటలూ లోపల దాచుకున్నాడు. ఆ సంగతి ఆ వీధిలో ఎవరికీ తెలియదు. బహుశా ఆయనకూ ఆ రోజే తెలిసుంటుంది. ఒకటి అయ్యాక ఇంకోటి, అరల్లోంచి తీసినట్టు తీశాడు. పెద్దక్క ఎక్కడ ఊపిరి పీల్చుకునేదో అక్కడ ఆగాడు. ఒక మాట అయ్యాక చిన్నక్క గరిటె చివర బేరిముక్క అందించింది. ఆయన అందుకుని నమిలాడు. చిన్నక్క లేచి వెళ్ళి ఫ్రిజ్ తెరిచింది.

పిండి మెత్తగా, చల్లగా, బుద్ధిగా ఉంది. కర్ర పెడితే ఎటు వెళ్ళమంటే అటు వెళ్ళింది. చిరగలేదు. చిన్నక్క మడత పెట్టింది. మళ్ళీ గుడ్డ చుట్టింది. పొడిపిండి మర్చిపోకుండా దులిపింది.

రోజు ఉక్కగా ఉంది కాబట్టి రెండో విడతకు పాత సంగతులు తవ్వాల్సి వచ్చింది. పెద్దాయన ఆ ఫ్రిజ్ తలుపు సంగతి ఎత్తాడు. కాపురానికొచ్చిన ఏడాది చిన్నక్క సరిగ్గా మూయకపోతే తెల్లారేసరికి వెన్నంతా కరిగిపోయిన ముచ్చట.

"ఎన్నేళ్ళయినా ఆ తలుపు సంగతి మూసెయ్యవా నువ్వు!" అంది చిన్నక్క, మామూలుగా అనే మాటే.

"మూసేదాన్ని నేను. తెరిచేది నువ్వు. ఆ రోజు నేను పొద్దున్నే వచ్చి చూసేసరికి..."

పెద్దాయన ఆగిపోయాడు. ఆ తర్వాత పెద్దక్క 'నా ప్రాణం పోయిందే' అనేదని ఆయనకు తెలుసు. చిన్నక్కకూ తెలుసు. ఆయన కిటికీ వైపు చూశాడు. చిన్నక్క ఉల్లిపాయల వైపు చూసింది. ఇద్దరిలో ఎవరూ ఆ మాట అందుకోలేదు. ముందుగదిలోంచి రేడియో గొంతు ఎవరికో ఏదో చెబుతూ సన్నగా వినబడుతోంది. లోపల పిండి ఆ మౌనంలో కూడా సేదదీరుతూనే ఉంది.

కాసేపటికి చిన్నక్క లేచింది. "ఇంక చాలనుకుంటాను బావగారూ."

"ఆ. చాలు."

సాయంత్రానికి అన్ని మడతలూ అయ్యాయి. నిలువుగా కత్తి దించి ముక్కలు కోసింది. అడుగున తురుము పరుపు, పైన వేగి ఆరిన బేరిముక్క, ఆ పైన ఉప్పటి చీజ్, చిటికెడు మిరియం. రెండో వరసలో అంజీరలు. అంచులు వేలితో నొక్కి మూసి, ట్రేల్లో సర్ది, ఫ్రిజ్‌లోనే ఉంచింది. మర్నాడు బ్రెడ్డు వాయి అవగానే పెద్దాయన పొయ్యి వేడి సరిచూసి, ట్రేలు తనే లోపల పెట్టాడు. చిన్నక్క పొయ్యి అద్దం ముందు చతికిలబడి కూర్చుంది.

ముందు ఏమీ జరగలేదు. వెన్న కాస్త చెమర్చింది. అంతలో ఒక అంచు, నిద్రలోంచి లేచేవాడు ఒక కన్ను తెరిచినట్టు, కొంచెం విచ్చుకుంది. పక్కది విచ్చుకుంది. చూస్తుండగానే ట్రే ట్రే అంతా నెమ్మదిగా పైకి లేచింది. పొర మీద పొర, పొర మీద పొర, ఎవరో లోపల నుంచి ఒక్కొక్కటే లెక్కపెట్టి వదులుతున్నట్టు. ఒకటి రెండు మూలకు ఒరిగాయి, నిజమే. పెద్దక్క చేతిలో అవి కూడా ఒరిగేవి కావు. అయినా లేచాయి. ఆ రంగు, పక్కల కనబడే ఆ సన్నటి గీతలు చూస్తుంటే చిన్నక్కకు ఇవి తను చేసినవనే అనిపించలేదు. అక్క పనే, కాస్త ఆలస్యంగా వచ్చింది.

రేడియో వాసనకే లోపలికొచ్చి, చెయ్యి చాపి, పెళ్ళాం చూపు చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

నర్సమ్మ పెట్టెతో సహా వచ్చింది. ఆమెను లోపలికి పిలిచి, పాలరాతి బల్ల పక్కనే కూర్చోబెట్టి, ట్రే ముందు పెట్టారు. ముగ్గురూ చుట్టూ నిలబడ్డారు. కొరికితే ముందు చప్పుడు రావాలి, ఆ తర్వాతే రుచి. ఆ చప్పుడు కోసం చిన్నక్క చెవులు రిక్కించింది.

నర్సమ్మ కొరకలేదు. బేరిపండుది ఒకటి తీసి, రెండు చేతులతో జాగ్రత్తగా విరిచింది. పొరలు చిట్లి రేకులు ఆమె ఒళ్ళో రాలాయి. ఆమె వాటివైపు చూడనే లేదు. లోపలినుంచి లేచే ఆవిరిని ముఖం దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"తినండి సిస్టర్, చల్లారిపోతుంది" అంది చిన్నక్క, ఆందోళనగా.

"తింటాను. ముందు విరిచి లోపలి వాసన చూడమన్నారు ఆవిడ. కొరికేస్తే అది పోతుందట." నర్సమ్మ కళ్ళు తెరిచింది. "రోజూ ఇదే చెప్పేవారు నాతో. పొరలదేముంది సిస్టర్, ఓపికుంటే ఎవరైనా వేస్తారు, అది ఉత్త డబ్బా. డబ్బాలో పెట్టేది మా చిన్నది. పండునీ చీజ్‌నీ కూర్చోబెట్టి రాజీ చేయడం దానికి తప్ప ఎవరికీ చేతకాదు. నేను అటు చూస్తూ ఎన్నిసార్లు నా మడత తప్పానో అనేవారు. మీరే కదా ఆ చిన్నది?"

ఎవరూ మాట్లాడలేదు. రేడియో కూడా.

నర్సమ్మ అప్పుడు తింది. నెమ్మదిగా, ఇంకేమీ అనకుండా, ఆ ఒక్కటీ పూర్తిగా తిని, వేళ్ళకంటిన రేకులు కూడా ఏరుకుని తింది. ఇంకోటి తీసుకుంది. అది అంజీరది. దాన్ని కూడా ముందు విరిచింది.

మిగిలినవి అట్టడబ్బాలో సర్ది ఇచ్చారు. రైలు వేళకు రేడియో ఆమె పెట్టె మోసుకుంటూ వెంట వెళ్ళాడు. వీధి చివరిదాకా అతని గొంతు వినబడింది. అంటే మళ్ళీ మామూలైపోయాడన్నమాట.

చిన్నక్క బల్లమీద రాలిన రేకులు ఒక చేత్తో ఇంకో చేతిలోకి ఊడుస్తోంది. కాసేపు బాగానే ఊడ్చింది. ఆ తర్వాత ఉన్నట్టుండి చేతిలోవి బల్లమీద విసిరికొట్టింది.

"చూశారా బావగారూ ఎంత పని చేసిందో! ఎవరో సిస్టర్‌కు రోజూ చెప్పిందట. పక్కనే నిలబడ్డ నాకు ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి చెబితే దాని సొమ్మేం పోయేది?"

పెద్దాయన ట్రే తుడుస్తున్నాడు. తల ఎత్తలేదు.

"చెబితే పోట్లాట ఎలా సాగుతుందమ్మా" అన్నాడు.

చిన్నక్క ఆయన వైపు చూసింది. వెనక్కి తిరిగి, గిన్నెలోకి మైదా జల్లించడం మొదలుపెట్టింది. ఉప్పు వేసింది. చల్లటి నీళ్ళు పోసింది. ముందుగదిలో పఫ్‌ల అర ఇంకా ఖాళీగానే ఉంది మరి. వెన్నపలక పెట్టి, మూసి, ఒత్తి, మొదటి మడత పెట్టింది. గుడ్డ చుట్టి ఫ్రిజ్‌లో పెట్టి తలుపు మూసింది. సరిగ్గా పడిందో లేదో ఒకసారి లాగి చూసింది.

వెనక స్టూలు లాగిన చప్పుడైంది.

"అంజీరలు ఈసారి కాస్త తీపెక్కాయి" అన్నాడు పెద్దాయన. ఈ మాట పెద్దక్కది కాదు. ఆయన సొంతం.

"అంజీర తియ్యగా కాక వేపకాయలా ఉంటుందా?" అంది చిన్నక్క, కళ్ళు తుడుచుకుని గరిటె అందుకుంటూ. "మీరు ముందు ఆ బ్రెడ్డు మాడకుండా చూసుకోండి బావగారూ."